కళ్లం నుంచి కుండ దాకా: 'ఇంటికి ఎకరం' ప్రాజెక్టు డైరీ

రోహిణి కార్తె

ముందు లెక్క రాసుకుంటున్నాను. మా ఊళ్లో ఐదుగురున్న ఇంటికి నెలకు సుమారు నలభై ఐదు కిలోల గింజ కావాలి. ఎండలో ఒళ్లు వంచి పని చేసే మనుషుల తిండి అది, అంతకు తగ్గితే చాలదు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం రేషన్ బియ్యం మనిషికి నెలకు 5 కిలోలు, అంటే ఇంటికి 25 కిలోలు. మిగతా ఇరవై కిలోలు, దానితోపాటు పప్పు మొత్తం, కొనుక్కోవలసిందే. కూలి దొరికినన్నాళ్లు కొంటారు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా చేతిలో ఉన్న డబ్బు విత్తనానికీ సేద్యానికీ పోతుంది. అప్పుడు ముందు పప్పు పలచబడుతుంది, తర్వాత కూర పోతుంది, చివరికి రాత్రి పూట ఆడవాళ్ల కంచంలో మెతుకు తగ్గుతుంది. మా దగ్గర ఇప్పుడు కరువు ఈ రూపంలో ఉంది. ఎవరూ ఆకలితో ఊరు విడిచి పారిపోవడం లేదు కాబట్టి పత్రికల్లో రాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. నూటికి దాదాపు అరవై మంది. ఆ అంకె చదివినప్పుడల్లా మా వీధిలోని ముఖాలు వరుసగా గుర్తుకొస్తాయి.

కొరత పడుతున్న ఆ ఇరవై కిలోలను ఏడాదికి లెక్క కడితే 240 కిలోల బియ్యం. అది కొర్ర బియ్యం అనుకుందాం. వంద కిలోల కొర్ర పొట్టు తీస్తే అరవై, అరవై ఐదు కిలోల బియ్యం వస్తుంది. కాబట్టి 370 నుంచి 400 కిలోల కొర్ర పండాలి. వర్షాధారంగా ఎకరానికి నాలుగైదు క్వింటాళ్లు మా ఎర్రనేలలో మరీ ఆశ పడే దిగుబడి కాదు. అంటే ఇంటికి ఒక్క ఎకరం. మిగిలిన పొలంలో వేరుశనగే వేసుకోవచ్చు, మరేదైనా వేసుకోవచ్చు, దాని జోలికి మేం పోవడం లేదు.

ఇంత తేలికగా కుదిరే లెక్క ఉండగా ఊళ్లో ఎవరూ కొర్ర ఎందుకు వేయడం లేదని పోయిన ఏడాది రచ్చకట్ట దగ్గర అడిగాను. మా అవ్వ వరస అయ్యే పెద్దామె ఒక్క మాటలో తేల్చేసింది: "వేస్తాం నాయనా, దంచేదెవరు?"

ఈ ప్రాజెక్టు ఆ ప్రశ్నతోనే మొదలైంది. నాది బోరు మోటార్లకు తీగ చుట్టే పని. కళ్యాణదుర్గం వైపు పల్లెల్లో కాలిపోయిన మోటార్లు మా కొట్టుకు వస్తాయి. వ్యవసాయం మా ఇంట్లో ఉంది కానీ పంటల విద్య నాకు తక్కువ. యంత్రం సంగతి మాత్రం తెలుసు. పంట సంగతి మా మహిళా సంఘం అక్కలకు తెలుసు. పదకొండు ఇళ్లు ముందుకొచ్చాయి. సంఘం పొదుపులోంచి కొంత, ఇంటింటి వాటా కొంత కలిపి డబ్బు పెట్టుకున్నాం. ఎవరి దగ్గరా విరాళం అడగలేదు.

ఈ కార్తెలో జరిగిన పనులు రెండే: విత్తనం సేకరణ, మట్టి పూత పూసిన విత్తన గుళికల తయారీ. నంద్యాల పరిశోధన స్థానం వాళ్ల ఎస్‌ఐఏ 3085, సూర్యనంది అనే రెండు కొర్ర రకాలు తెచ్చాం. మొదటిది ఎనభై, ఎనభై ఐదు రోజుల పంట, రెండోది ఇంకా ముందే వస్తుంది. కంది కోసం పాలెం రకం పీఆర్‌జీ 176 తీసుకున్నాం. చివర్లో వాన మొహం చాటేసినా ఆలోపే కాయ గట్టిపడే స్వల్పకాలిక రకం కావాలనుకున్నాం.

గుళికలు మాత్రం ఒక్క ఇంటి పొలానికే చేశాం, పరీక్ష కోసం. 2016లో రాష్ట్రంలో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో వానకు ముందే పొడి నేలలో నవధాన్యాలు చల్లే పద్ధతి ప్రచారంలోకి వచ్చింది. ఉలవ, అలసంద, పెసర, సజ్జ, జనుము లాంటి గింజలను పట్టా మీద పోసి, విత్తనశుద్ధికి వాడే బీజామృతం చిలకరించి, జల్లించిన బంకమట్టి, బూడిద, ఆవు పేడతో చేసే ఘనజీవామృతం పొడి చల్లుతూ ఇద్దరు చెరో అంచు పట్టుకుని దొర్లించాలి. కాసేపటికి గింజలు కనిపించవు, బూడిద రంగు పూసలే కనిపిస్తాయి. నీడలో ఆరబెట్టాలి. ఆ పూతకు రెండు లాభాలు. చీమలు మోసుకుపోలేవు. చిన్నపాటి చినుకుకు మోసపోయి గింజ తొందరపడి మొలకెత్తదు, మట్టి పూత పూర్తిగా నానేంత వాన పడితేనే లేస్తుంది. మే నెలాఖరున చల్లేసి వదిలేశాం.

మృగశిర, ఆరుద్ర

మృగశిరలో వచ్చినవి ఉరుములే. ట్రాక్టర్లు మాత్రం ఊళ్లో తిరగడం మొదలుపెట్టాయి. పక్క పొలంలో విత్తే గొర్రు కట్టారంటే మన కాలు ఇంట్లో నిలవదు, ఆ తొందర అందరికీ ఉంటుంది. దానికి మందుగా వానమాపకం తయారు చేశాను. పెద్ద నూనె డబ్బా, అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పు ఉన్నది, పైకప్పు కోసి సంఘం భవనం మిద్దె మీద బిగించాను. గోడలు నిటారుగా ఉన్న డబ్బాలో నిలిచిన నీటి లోతే వాన కొలత, మూతి ఎంత వెడల్పు ఉన్నా సరే. లోపల స్టీలు స్కేలు నిలబెట్టి పొద్దున ఎనిమిదిన్నరకు చూసి పలక మీద రాయడం ఎనిమిదో తరగతి పిల్లలకు అప్పగించాం. ఒక మిల్లీమీటరు వానంటే ఎకరం మీద నాలుగు వేల లీటర్ల నీళ్లని వాళ్లే గుణించి చూపించారు. అప్పటి నుంచి పలక దగ్గర పెద్దవాళ్లు కూడా నిలబడి చదువుతున్నారు.

విత్తే రోజుకు మేం పెట్టుకున్న కట్టు ఇది: నేల ఒక జాన లోతుకు తడిసి ఉండాలి, వచ్చే ఐదు రోజుల్లో మళ్లీ వాన సూచన ఉండాలి. రెండో దానికి వాతావరణ శాఖ వాళ్ల మేఘదూత్ యాప్ చూస్తున్నాం, మంగళ, శుక్రవారాల్లో తెలుగులోనే సలహా వస్తుంది. ఇలా సమాచారం చూసి విత్తే రోజు నిర్ణయించుకోవడం మన సీమకు కొత్త కూడా కాదు. 2016లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 175 మంది రైతులకు అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి వేరుశనగ ఎప్పుడు విత్తాలో ఫోనుకు సందేశాలు పంపాయి. తొలి వానకు తొందరపడకుండా జూన్ చివరి వారం దాకా ఆగమన్నారు. ఆగినవాళ్లకు దిగుబడి సగటున 30 శాతం పెరిగిందని ఆ తర్వాత ప్రకటించారు. ఆగడానికి ఖర్చు ఏమీ లేదు, గుండె ధైర్యం కావాలంతే. మా పలక, యాప్ రెండూ కలిసి ఇచ్చింది ఆ ధైర్యమే.

ఆరుద్ర కురిస్తే ఆరు కార్తెలు కురుస్తాయంటారు. ఆరుద్ర మొదటి వారంలో ఒకే రాత్రి డబ్బాలో 34 మిల్లీమీటర్లు. మర్నాడు మధ్యాహ్నం నుంచి గొర్రు కట్టాం. ఐదు సాళ్లు కొర్ర, ఒక సాలు కంది. ఎకరానికి కొర్ర విత్తనం రెండు కిలోలు చాలు. అంత సన్న గింజ, గొర్రు మీద విత్తనం పోసే గిన్నె అయిన జడ్డిగంలో వేసేటప్పుడు గుప్పిట నిలవదు, వేళ్ల సందుల్లోంచి జారిపోయి ఒకచోట దట్టంగా, ఒకచోట పలచగా పడుతుంది. అందుకే కిలో విత్తనానికి మూడు కిలోల సన్న ఇసుక కలిపారు. జడ్డిగం దగ్గర నడిచింది సంఘంలో అందరికంటే పెద్దదైన అక్క. ఆమె పిడికిలి కదలిక చూస్తూ సాలు పొడవునా పక్కనే నడిచాను. బొటనవేలు తప్ప చేతిలో ఏదీ కదలడం లేదు. మొలక వచ్చాక చూస్తే ఆమె వేసిన సాళ్లు గీత గీసినట్టున్నాయి.

పుష్యమి, ఆశ్లేష

వాన ముఖం చాటేసింది. పలక మీద సున్నాల వరుస. కొర్ర ఆకు మధ్యాహ్నానికి చుట్టుకుంటోంది, సాయంత్రానికి విచ్చుకుంటోంది. సాయంత్రం విచ్చుకుంటున్నంత కాలం భయం లేదని పెద్దలు చెప్పారు. ఎద్దుల గుంటక రెండు సార్లు తోలించాం. కలుపు పోవడమే కాక, పైమట్టి పొడిగా చితికి కింది తడి ఆవిరి కాకుండా కాస్తుంది.

గుళికలు చల్లిన పొలం సంగతి. ఆరుద్ర వానకు అన్నీ ఒకేసారి లేచి నేలను కప్పేశాయి. ఆ పచ్చదనం కొంత కోసి అక్కడే పరిచి మధ్యలో కొర్ర, కంది ఎదబెట్టారు. ఈ ఎండల్లో ఆ పొలంలో వేలు గుచ్చితే రెండు కణుపుల కిందే తడి తగులుతోంది. పక్క పొలంలో వేలు పూర్తిగా దిగినా పొడిమట్టే. వచ్చే ఏడు మరో నాలుగు ఇళ్లు గుళికలు చేస్తామంటున్నాయి.

మఖ, పుబ్బ

పంట నిలబడి ఉండగానే యంత్రం పని మొదలుపెట్టాను. డైరీలో ఎక్కువ పేజీలు దీనికే పోయాయి, పోవాలి కూడా. ఐక్యరాజ్య సమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది, ఆ ప్రతిపాదన మన దేశానిదే. నగరాల్లో కొర్ర బియ్యం పొట్లాలు అందంగా కనిపిస్తున్నాయి. పండించిన పల్లెలో మాత్రం పొట్టు తీసే యంత్రం లేక కొర్రలను బస్తాల్లో అమ్మేసి బియ్యం కొనుక్కుంటున్నారు. నన్ను కలవరపెట్టేది ఇదే. గింజ ఉన్న ఇంట్లోనే గింజకు కొరత.

కొర్ర గింజను దగ్గరగా చూస్తే సంగతి అర్థమవుతుంది. పైన గాజులా మెరిసే గట్టి పొట్టు. అది లోపలి బియ్యానికి అతుక్కుని ఉండదు, కానీ చుట్టూ బిగించి మూసి ఉంటుంది. వడ్ల మాదిరిగా రెండు రబ్బరు రోలర్ల మధ్య నలపడానికి గింజ మరీ చిన్నది, జారిపోతుంది. రోట్లో దంచితే పొట్టు ఊడుతుంది, దాంతోపాటు బియ్యం విరుగుతుంది, పది కిలోలకు ఇద్దరు ఆడవాళ్ల పూట గడిచిపోతుంది. పొట్టు తీసే యంత్రంలో సూత్రం వేరు. నడుమ వేగంగా తిరిగే చక్రం మీద గింజలు పడతాయి. చక్రం వాటిని విసిరి చుట్టూ ఉన్న గోడకు కొడుతుంది. ఆ దెబ్బకు పొట్టు పగిలి గింజ బయటికొస్తుంది. పక్కన ఫ్యాను పొట్టును ఊదేస్తుంది.

దెబ్బ ఎంత గట్టిగా పడాలన్నదే అసలు విద్య. తక్కువైతే గింజ పొట్టుతోనే బయటికొస్తుంది. ఎక్కువైతే నూక అవుతుంది. కోయంబత్తూరు వైపు తయారైన పాత యంత్రం ఒకటి తక్కువ ధరకు దొరికింది. దానికి ఉన్నది మూడు ఫేజుల మోటారు. మా ఊళ్లో మూడు ఫేజుల కరెంటు పగటిపూట సేద్యానికి తొమ్మిది గంటలే, అదీ పొలాల దగ్గరే. ఊళ్లో రోజంతా ఉండేది సింగిల్ ఫేజు. అందుకే ఆ మోటారు తీసేసి రెండు హార్స్‌పవర్ సింగిల్ ఫేజు మోటారు బిగించాను. నిమిషానికి 1440 చుట్లు తిరుగుతుంది. యంత్రం వైపు పుల్లీ మూడంగుళాలది, అది మార్చలేదు. మోటారు వైపు పుల్లీలు ఆరు, ఏడు, ఎనిమిది అంగుళాలవి మూడు చేయించాను. అంటే చక్రం వేగం 2880, 3360, 3840.

పాత కొర్ర ఒక బస్తా కొని, ప్రతి పుల్లీకీ ఐదు కిలోలు పోసి, వచ్చిన దాంట్లోంచి వంద గ్రాములు తీసి పళ్లెంలో పరిచాం. సంఘం అక్కలు ముగ్గురు చుట్టూ కూర్చుని మూడు కుప్పలు ఏరారు: నిండు బియ్యం, నూక, పొట్టు ఊడనివి. ఆరంగుళాల పుల్లీతో మూడో కుప్ప పెద్దది. ఎనిమిదంగుళాలతో నూక కుప్ప పెద్దది, దాని మీద తెల్లటి పిండి కూడా. ఏడంగుళాల పుల్లీ పెట్టి రెండుసార్లు పోస్తే బాగా కుదిరింది: మొదటిసారి ఊడని గింజలను జల్లెడతో వేరు చేసి వాటినే మళ్లీ పోయాలి. మొత్తం గింజను రెండుసార్లు పోస్తే మొదట ఊడిన బియ్యం అనవసరంగా రెండో దెబ్బ తింటుంది. ఏరేటప్పుడు ఒక అక్క చెప్పిన మాట ఇది. జల్లెడను యంత్రానికే జోడించాలన్న ఆలోచన అక్కడే పుట్టింది.

కరెంటు గురించి ఒక మాట, ఇలాంటి యంత్రం పెట్టుకునేవాళ్ల కోసం. సాయంత్రం ఆరు దాటాక మా ఊళ్లో వోల్టేజీ 180కి పడిపోతుంది. మోటారు ఆగదు, మూలుగుతూ తిరుగుతుంది, వేడెక్కుతుంది, పొట్టు ఊడనివి ఎక్కువవుతాయి. ఆ స్థితిలో నడిపిన మోటార్లే నా కొట్టుకు వస్తుంటాయి. కాబట్టి మా యంత్రం పొద్దున పది నుంచి మూడు దాకానే. పెట్టె మీద వోల్టు మీటరు బిగించి, 200 దగ్గర ఎర్ర గీత గీశాను. ముల్లు గీత కిందికి వస్తే ఆపేయడమే.

బెల్టుకూ పుల్లీలకూ ఇనుప జాలీ తొడుగు వేశాను. పాత యంత్రానికి అది లేనే లేదు. పొట్టు తీయించడానికి వచ్చేది ఆడవాళ్లు, కొంగు గాలికి ఎగిరి బెల్టులో పడితే ఏమవుతుందో ఊహించడానికి కూడా ఇష్టం లేదు. తొడుగు తలుపు తీస్తే మోటారు ఆగిపోయేలా స్విచ్చు పెట్టాను. ఇది ఎవరూ అడగలేదు. నా మటుకు ఇది లేకుండా యంత్రం నడవదు.

ఉత్తర

'ఉత్తర చూసి ఎత్తర గంప, విశాఖ చూసి విడవర కొంప' అని సామెత. ఉత్తరలో కూడా వాన లేకపోతే గంపలో సామాను సర్దుకుని బయలుదేరమని. మా జిల్లా వాన సాలుకు ఐదు వందల యాభై మిల్లీమీటర్లకు అటూ ఇటూ. 1876లో ధాత నామ సంవత్సరంలో మొదలైన కరువు ఈ సీమలో ఎన్ని ఊళ్లను ఖాళీ చేసిందో పెద్దల మాటల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. గంప ఇప్పుడు సంచి అయింది, ఆ సంచి బెంగళూరు బస్సు ఎక్కుతుంది.

మా కొర్ర సరిగ్గా ఉత్తరలోనే కోతకు వచ్చింది. ఇదే దాని బలం. మిగతా పంటలకు చివరి తడి అందుతుందా లేదా అని అందరూ ఆకాశం చూసే రోజుల్లో కొర్ర పని ముగించేసి ఉంటుంది. కంకి బరువుకు వంగి, గింజ పసుపు తిరిగాక కంకులు కోసి కళ్లానికి చేర్చాం. అప్పుడు పడింది వాన. రెండు రోజుల ముసురు. కందికి ప్రాణం పోసిన వానే, కళ్లంలో కంకులకు గండం. పట్టాల కింద కుప్ప వేడెక్కకుండా గంటగంటకూ తిరగేశారు. ఎండ రాగానే పలచగా పరిచాం.

తేమ చూసే పరికరం కొనే స్తోమత లేదు, ఉప్పు పరీక్షతో సరిపెట్టుకున్నాం. గాజు సీసాలో మూడో వంతు గింజ పోసి, పెనం మీద వేడి చేసి చల్లార్చిన రెండు చెంచాల ఉప్పు వేసి, మూత బిగించి బాగా కుదిపి, పావుగంట ఆగి చూడాలి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే తేమ 15 శాతం పైన ఉన్నట్టు. అంటకుండా అడుగుకు రాలితే తక్కువ ఉన్నట్టు. నిల్వకు 12 శాతం ఉండాలి కాబట్టి, ఉప్పు అంటడం మానేశాక మరో రెండు ఎండలు అదనంగా ఇచ్చాం. చివరి తీర్పు అవ్వ పళ్లది. గింజ నోట్లో వేసుకుని కొరికి, టక్కుమన్నాకే బస్తా కట్టనిచ్చింది.

పదకొండు ఎకరాల్లో ఒకటి పూర్తిగా పోయింది, రాతినేల, వాన సందుల్లో తడి నిలవలేదు. రెండింట్లో మూడు క్వింటాళ్ల లోపు. మిగతావి నాలుగు నుంచి ఐదున్నర మధ్య. గుళికల పొలం అందరికంటే పైన ఉంది. ఒక్క ఏడాది, ఒక్క పొలం చూసి పద్ధతికి పట్టం కట్టలేం, అక్కడి నేల మొదటి నుంచీ కాస్త మేలు రకమే.

హస్త, చిత్త

యంత్రానికి అసలు పరీక్ష. గంటకు తొంభై కిలోల దాకా మింగుతోంది. వందకు అరవై మూడు కిలోల బియ్యం, ఆరు కిలోల నూక. నూక జావకూ ఉప్మాకూ, పొట్టు ఇటుక బట్టీకి. ముందుగా రాళ్లు తీసే జల్లెడ లేకుండా పోయొద్దని నియమం పెట్టాం, ఒక్క గులకరాయి చాలు చక్రం అంచు పాడవడానికి.

ఏడాదికి సరిపడా ఒకేసారి బియ్యం చేయించుకుంటామని మొదట అందరూ అడిగారు. వద్దన్నాం. పొట్టులో ఉన్న కొర్ర ఏళ్ల తరబడి చెక్కు చెదరదు. పొట్టు తీసిన క్షణం నుంచి తవుడులోని నూనెకు గాలి తగులుతుంది, కొన్ని వారాలకే చేదు వాసన. గింజకు పుట్టుకతో వచ్చిన సంచిని ముందే చింపేసి, బియ్యానికి మళ్లీ ప్లాస్టిక్ సంచులు వెతకడం దండగ. కాబట్టి ఇంటికి నెలకు ఒకసారి, ఇరవై కిలోల బియ్యానికి సరిపడా మాత్రమే. దానివల్ల యంత్రం కూడా ఏడాది పొడవునా పనిలో ఉంటుంది, ఒక్క నెల తిరిగి పదకొండు నెలలు తుప్పు పట్టదు.

తిండి వైపు కూడా రాయాలి. కొర్ర అన్నం పిల్లలు మొదటి వారం ముఖం తిప్పుకున్నారు. సగం రేషన్ బియ్యం, సగం కొర్ర కలిపి, బియ్యం కంటే ముందుగా కొర్రను అరపూట నానబెట్టి వండితే ఫిర్యాదులు ఆగాయి. పెద్దవాళ్లకు ఏ సర్దుబాటూ అక్కర్లేకపోయింది. చిన్నప్పటి రుచి అని కొర్ర అన్నంలో పచ్చిపులుసు పోసుకుని కూర్చున్నారు.

విశాఖ

కంది కోసి, కట్టెలు ఎండబెట్టి, కొట్టాం. ఐదు సాళ్లకు ఒక సాలే అయినా చాలా పొలాల్లో ఎకరానికి క్వింటా దాటింది. ఉత్తర వాన పుణ్యం. ఇంటికి నెలకు మూడు కిలోల పప్పు చొప్పున ఏడాదికి యాభై కిలోల కందులు చాలు. పంట ఉంది. నిలబెట్టుకోవడమే ఇక కష్టం.

కందిని పుచ్చు పురుగు ఇంట్లో పట్టుకుంటుందని చాలామంది అనుకుంటారు. తల్లి పురుగు చేలోనే కాయల మీద గుడ్లు పెడుతుంది. గుడ్డు పగిలి పురుగు గింజలోకి తొలుచుకుపోతుంది, బయటికి ఏమీ కనిపించదు. మనం కళ్లం నుంచి తెచ్చే బస్తాలోనే అది వస్తుంది. వెచ్చటి వాతావరణంలో నెల తిరిగేసరికి పెద్ద పురుగై గుండ్రటి కన్నం చేసుకుని బయటపడి, మళ్లీ గుడ్లు. మూడు నెలల్లో మూడు తరాలు. సంక్రాంతికి బాగున్న బస్తా ఉగాదికి పిండి రాలుస్తుంది. అందుకే పేద ఇల్లు కందులను కళ్లంలోనే అయినకాడికి అమ్మేస్తుంది, వేసవిలో రెండింతలు పెట్టి పప్పు కొంటుంది. పురుగుకు భయపడి అమ్మడం, ఆకలికి కొనడం. ఈ చక్రాన్ని ఆపితే చాలు, ఎకరం పెంచకుండానే ఇంట్లో పప్పు పెరుగుతుంది.

మూడు రకాలుగా పెట్టాం, ఒకే కళ్లం కందులు, తలా నలభై కిలోలు. ఒకటి మామూలు గోనెసంచి. రెండోది అవ్వ పద్ధతి: ఎర్రమట్టి నీళ్లలో కందులు తడిపి, ఎండబెట్టి, వేపాకు పొరలతో మట్టి బానలో, పైన బూడిద. మూడోది గాలి చొరని సంచి. లోపల రెండు మందపాటి పాలిథిన్ పొరలు, పైన నేసిన ప్లాస్టిక్ సంచి. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఆఫ్రికాలో అలసంద రైతుల కోసం రూపొందించిన పద్ధతి ఇది. ఇందులో మందు ఏదీ ఉండదు. నిండా పోసి, మిగిలిన గాలిని పిండేసి, ఒక్కో పొరను విడివిడిగా మెలిపెట్టి మడిచి కట్టాలి. లోపలి పురుగులే శ్వాస తీసుకుని ఆక్సిజన్ ఖర్చు చేస్తాయి. అది అడుగంటాక తినడం మానేస్తాయి, ఎండిపోయి చస్తాయి. సంచి నిండుగా ఉండటం ముఖ్యం, ఖాళీ జాగా ఉంటే ఆ గాలితో ఇంకొన్నాళ్లు బతుకుతాయి. ఎలుకల కోసం మంచం కోళ్ల ఎత్తున బల్ల వేసి, గోడకు జానెడు దూరంగా పెట్టాం.

ఫాల్గుణం ఎండల్లో

సంచులు విప్పాం. ప్రతి దాంట్లోంచి పిడికెడు తీసి, నూరు గింజలు లెక్కపెట్టి, కన్నం పడినవి వేరు చేశాం. గోనెసంచిలో నూటికి నలభై ఒకటి. చెయ్యి పెడితే పురుగులు మోచేతి దాకా పాకాయి, వాసన కూడా మారింది. అవ్వ బానలో తొమ్మిది. గాలి చొరని సంచిలో మూడు, అవి కూడా మొదటి వారాల్లో పడిన పాత కన్నాలే, బతికిన పురుగు ఒక్కటీ కనిపించలేదు.

బాన గెలవలేదని అవ్వ ఏమీ బాధపడలేదు. "దీనికి డబ్బు కావాలి కదా నాయనా, దానికి మట్టి చాలు" అంది. ఆ మాట న్యాయమైనది, లెక్కలో పెట్టుకున్నాం. విత్తనానికీ, ఐదు పది కిలోలకీ బానే మేలు. పెద్ద మొత్తానికి సంచి. సూది మొన, మేకు, ఎలుక పన్ను తగలకుండా చూసుకుంటే ఒక్కో సంచిని రెండు మూడు ఏళ్లు వాడుకోవచ్చు. గోనెసంచిలో మిగిలిన గింజలను పారేయలేదు. నల్లటి పట్టా మీద పలచగా పరిచి, పైన పారదర్శకమైన పాలిథిన్ కప్పి అంచులకు మట్టి వేశాం. మధ్యాహ్నానికి లోపల చెయ్యి ఆగనంత వేడి. లోపలున్న పురుగు, గుడ్డు అన్నీ చచ్చాయి. మంచివి ఏరి పప్పు పట్టించాం, మిగతావి పశువుల దాణాలోకి.

ఉగాది ముందర

ఇళ్లకు గింజ అప్పుగా ఇచ్చే గింజల బ్యాంకు ఒకటి పెట్టుకుని, దాని నియమాలు రాసుకున్నాం. ఇది మా సొంత ఆలోచన అని చెప్పుకోను. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990ల్లోనే బీళ్లను జొన్న చేలుగా మార్చి, పండిన జొన్నలో కొంత భాగాన్ని ఊళ్లోనే నిల్వ చేసి, ఊరి పేదలకు చౌకగా ఇచ్చి చూపించాయి. ఏ ఇల్లు ఎంత పేదదో ఊరే కూర్చుని తేల్చుకుంది. అక్కడ పొలాలు చేసిన ఆ ఆడవాళ్ల దారిలోనే మేమూ నడుస్తున్నాం.

మా నియమాల్లో ముఖ్యమైనది వడ్డీ. పూర్వం గింజలు నాగుకు, అంటే గింజల వడ్డీకి, తెచ్చుకుంటే బస్తాకు బస్తాన్నర కొలవాల్సి వచ్చేదని పెద్దలు చెబుతారు. మా దగ్గర నలభై కిలోలు తీసుకున్న ఇల్లు కోతకు నలభై రెండు ఇస్తుంది. ఆ రెండు కిలోలూ తరుగు కోసం. పంట పోయిన ఇల్లు ఏడాది ఆలస్యంగా ఇవ్వొచ్చు. ఈ ఏడు రాతినేల వల్ల పంట పోగొట్టుకున్న ఇంటికే మొదటి అప్పు ఇచ్చాం. ఆ ఇంటావిడ పద్దు పుస్తకంలో సంతకం చేసి, పక్కనే కూర్చుని తర్వాతి ఇంటి గింజ తూకం రాసిపెట్టింది. బ్యాంకులో వాటా పెట్టని ఇళ్లకు కూడా ఇవ్వాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. నా ఓటు ఇవ్వాలనే. కొరత పదకొండు ఇళ్లలోనే లేదు. సంఘంలో సగం మంది నిల్వ చాలదంటున్నారు, వాళ్ల భయంలోనూ నిజముంది. వచ్చే సమావేశంలో మళ్లీ కూర్చుంటాం.

యంత్రం దగ్గర మిగిలిన పనులు. పక్క ఊరివాళ్లు సామ, ఆరిక తెస్తామంటున్నారు. సామ గింజ సన్నం, పొట్టు త్వరగా ఊడుతుంది, వేగం తగ్గించాలి. ఆరికకు పొట్టు పొరల మీద పొరలు, దానికి ఒక్క దెబ్బ చాలదు. టర్నింగ్ షాపులో ఆరున్నర అంగుళాల పుల్లీ ఒకటి చెప్పి వచ్చాను. సన్న జల్లెడ ఇంకా దొరకలేదు, హిందూపురంలో చూడాలి. చక్రం అంచు అరుగుదల కొలిచాను, ఇంకో పంటకు ఫరవాలేదు. వచ్చే రోహిణికి గుళికల కోసం బంకమట్టి ఇప్పుడే తవ్వి, ఆరబెట్టి, సంఘం భవనం వెనక పోయించాం, ఈసారి ఐదు ఇళ్లకు సరిపడా.